గుండె ఆపరేషన్ రికార్డులోకి దిగులు ఎలా చేరింది

1953లో ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ హార్ట్-లంగ్ మెషిన్ సాయంతో తొలిసారి విజయవంతంగా ఓపెన్ హార్ట్ సర్జరీ చేశాడు. పన్నెండేళ్లకే, 1965లో, కార్న్‌ఫెల్డ్, జింబర్గ్, మాల్మ్ అనే న్యూయార్క్ వైద్యులు ఒక కలవరపెట్టే సంగతి ప్రచురించారు. ఆపరేషన్ అయ్యాక కొన్ని రోజులు తెలివిగా మాట్లాడిన రోగులు ఉన్నట్టుండి లేనివి కనిపిస్తున్నాయంటున్నారు. యంత్రాల ఎడతెగని చప్పుడు, నిద్రలేమి ఇందుకు దోహదం చేస్తున్నాయనీ, రికవరీ గది దాటాక చాలామంది తేరుకుంటున్నారనీ వాళ్లు గమనించారు. అంటే మనసు పడే బాధ వైద్యులకు 1965 నాటికే తెలుసు. తెలిసినదాన్ని రోజూ నమోదు చేసే ఏర్పాటే లేదు. 1989లో అమెరికా సర్జన్లు జాతీయ డేటాబేస్ మొదలుపెట్టినప్పుడు కూడా వాళ్ల దృష్టి ప్రధానంగా మరణాలు, పక్షవాతం, కిడ్నీ వైఫల్యం వంటి వాటిమీదే నిలిచింది. లెక్కకు ఎక్కని బాధకు వైద్యం అందడం కష్టమని నా నమ్మకం.

దిగులును అంకెల్లో పట్టడం సులువైంది 2001లో, పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం వచ్చాక. 2003లో డ్యూక్ యూనివర్సిటీ పరిశోధకులు 817 మంది బైపాస్ రోగుల వివరాలు బయటపెట్టారు: ఆపరేషన్ నాటికి డిప్రెషన్ తీవ్రంగానో, మధ్యస్థంగానో ఉన్నవాళ్లలో ఆ తర్వాతి ఏళ్లలో మరణించే ముప్పు రెట్టింపు కంటే ఎక్కువ. ఛాతీ కోసిన మనిషి దిగులు పడడం సహజమే, దానంతటదే పోతుందనే వాదన ఉంది. చాలామంది విషయంలో అది నిజం కూడా. అయితే ఆరు నెలలైనా వదలని దిగులు ఉన్నవాళ్లలోనూ ముప్పు ఎక్కువేనని అదే అధ్యయనం చూపింది.

ప్రశ్నలడిగి కంప్యూటర్‌లో ఎక్కిస్తే ఏం ఒరుగుతుందన్న అభ్యంతరం ఇంకా బలమైనది. స్కోరు ఒక్కదానితో రోగి కోలుకుంటాడనడానికి ఆధారాలు బలహీనమే, ఒప్పుకోవాలి. బైపాస్ రోగులపై జరిగి 2009లో వెలువడిన పిట్స్‌బర్గ్ ప్రయోగాన్ని చూడాల్సింది ఇక్కడే. డిశ్చార్జికి ముందు రెండు ప్రశ్నలు, ఇంటికెళ్లిన రెండు వారాలకు తొమ్మిది ప్రశ్నలు. తాత్కాలికమైన బెంగ ఆలోపు కొంత తగ్గిపోతుంది, మిగిలేది పట్టించుకోవాల్సిన దిగులు. ఆపైన ఎనిమిది నెలలు నర్సులు ఫోన్ చేసి, మందుల గురించి, నిద్ర గురించి అడిగి, ఆ వివరాలు వైద్య బృందం ముందు పెట్టి, సలహాను రోగి సొంత డాక్టరుకు చేరవేశారు. ఇలా చూసినవారిలో సుమారు సగం మందికి దిగులు గణనీయంగా తగ్గింది. మామూలు వైద్యం పొందినవారిలో 30 శాతం మందికే. అందుకే ఆసుపత్రి దిగులు స్కోరును నమోదు చేసే సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు, ఆ స్కోరు చూసి ఫోన్ తీసే నర్సు జీతాన్ని కూడా అదే పద్దులో రాయాలి.