పదిహేను వాక్యాలకు అందనిది

సోషల్ వర్క్ పీజీ (ఎంఎస్‌డబ్ల్యూ) విద్యార్థుల పర్యావరణ దృక్పథాన్ని లెక్కగట్టడానికి పరిశోధకుల చేతిలో ఒక పాత కొలబద్ద ఉంది. అమెరికా సామాజిక శాస్త్రవేత్తలు రైలీ డన్‌ల్యాప్, కెంట్ వాన్ లీర్ 1978లో 12 వాక్యాలతో దాన్ని తయారుచేశారు. 2000లో సవరించి 15 చేశారు. ఎనిమిదింటికి ఔననాలి, ఏడింటికి కాదనాలి. అప్పుడే ప్రకృతి పక్షాన ఉన్నట్టు. ఒక్కో జవాబుకు ఒకటి నుంచి అయిదు వేసుకుంటే స్కోరు 15కూ 75కూ మధ్య తేలుతుంది.

నా సందేహం మొదటి వాక్యం దగ్గరే మొదలవుతుంది. భూమి మోయగలిగినంత జనాభాకు దగ్గరపడ్డామంటుంది అది. బస్తీలో ఫీల్డ్ వర్క్ చేసొచ్చిన అమ్మాయి ఇక్కడ ఆగిపోవచ్చు. తప్పంతా పిల్లలెక్కువున్న ఇంటి మీదికే నెడుతున్నారని ఆమెకు అనిపించవచ్చు. ఆమె కాదంటే స్కోరు తగ్గుతుంది. దాన్ని నిర్లక్ష్యమనగలమా? ఇది నా అనుమానమే. ఎందుకు కాదన్నావని అడిగితే తప్ప తేలదు.

ఎక్కువ స్కోరునూ అంత తేలిగ్గా నమ్మలేం. 1991లో ఎం.సి.మెహతా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల తర్వాత పర్యావరణం డిగ్రీలో తప్పనిసరి పాఠమైంది. ఏది రాస్తే మార్కులు పడతాయో మన పిల్లలకు వేరే చెప్పాలా!

స్కోరుకు అసలే అందనిదీ ఒకటుంది. నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఫీల్డ్ వర్క్‌కు వెళ్లిన కుర్రాణ్ని తీసుకుందాం. ఫ్లోరైడ్ నీళ్లకు ఎముకలు వంగిన మనిషికి వైకల్య సర్టిఫికెట్, పింఛను ఇప్పించడం అతని పని. రికార్డులో అది వికలాంగుల కేసు. నీళ్ల కేసు కాదా? పైగా అక్కడ విషం వదిలే ఫ్యాక్టరీ గొట్టమేదీ లేదు. ఫ్లోరైడ్ అక్కడి గ్రానైట్ రాళ్లలోంచే భూగర్భ జలాల్లోకి దిగుతుంది. దోషం రాయిదే అయినా, దశాబ్దాలపాటు ఆ నీళ్లే తాగాల్సి రావడం రాయి చేసిన పని కాదు. నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని రూపొందించి దానికి నల్గొండ పేరే పెట్టింది. ఊళ్లలో దాన్ని రోజూ నడపడం మాత్రం ఎవరికీ తేలిక కాలేదు. ప్రకృతి పక్షమా, మనిషి పక్షమా అని విడదీసి అడిగే వాక్యాలు ఈ చిక్కును పట్టుకోలేవు.

కొలబద్దను పారేయమనడం లేదు. ఒకే ప్రశ్నావళిని వేర్వేరు కోర్సుల వాళ్లకిచ్చి పోల్చడానికి అది పనికొస్తుంది. అయితే ఒకసారి నింపించిన ఫారాలతో చదువు వల్లే దృక్పథం మారిందని మాత్రం రాయకండి. చేరినప్పుడొకసారి, ఫీల్డ్ వర్క్ ముగిశాక ఇంకోసారి అదే విద్యార్థులను అడగండి. వాళ్ల ఫీల్డ్ వర్క్ డైరీలు కూడా తెప్పించుకుని, నీళ్ల మాట ఎన్ని పేజీల్లో ఉందో చూడండి.