బిగువు

పెంటపాడు ప్రాంతపు బియ్యపు మరలలోను, కొల్లేటి చేపలచెరువుల గట్లపై నీరుతోడు ఇంజనులకడను, పానా పట్టిన పనివాని నోట నిత్యము పలుకు మాట ‘బిగువు’. ఇది అచ్చతెనుఁగు పదము. కన్నడములోని ‘బిగి’ దీనికి తోఁబుట్టువు. నడుము బిగించుటయు, పిడికిలి బిగియుటయు, ఊపిరి బిగఁబట్టుటయు నీ ధాతువు సంతానమే.

శాస్త్రగ్రంథములు బలభ్రామకమని పిలుచునది పానాపై మనము చూపు తిప్పుబలము. బిగువో, ఆ తిప్పుటచే బోల్టు వెండ్రుకవాసి సాగి, తిరిగి ముడుచుకొనఁజూచుచు, రెండు ఫ్లాంజులను నడుమనున్న ప్యాకింగుతోఁగూడ నదిమిపట్టెడి లోపలి లాగుడు. ఈ రెంటిని ఒక్కటిగ నెంచుటయే నీరు కారు అతుకులకు తఱచు మూలము. చేతిశ్రమలో నూటికి తొంబదిపాళ్లవఱకు మరచుట్ల రాపిడికిని, నట్టు అడుగు రాపిడికిని వ్యయమై, ఇంచుమించు పదిపాళ్లే బిగువుగ మిగులును. 16 మిల్లీమీటర్ల బోల్టునకు 40 కిలోన్యూటన్ల బిగువు రావలెనన్న, పొడి మరకు సుమారు 128 న్యూటన్‌మీటర్లు కావలసియుండఁగా, నూనె రాసిన మరకు సుమారు 96 చాలును. నూనె రాసియు పొడిలెక్కనే త్రిప్పినచో బోల్టు అతిగా సాగును. తుప్పుపట్టిన మర యెంత మ్రింగునో పానా చెప్పఁజాలదు.

కావున మర తుడిచి, నూనె రాసి, ఎదురెదురు బోల్టులను మూడు విడతలుగ బిగింపుఁడు; ప్యాకింగు కుదురుకొనిన పిమ్మట, పంపు ఆపి, మఱొకమాఱు చూడుఁడు.