గ్యాసు కార్డు వెనకవైపు

రెండేళ్ళ క్రితం లండన్ ఈస్ట్ హామ్‌లో మా మిత్రుడొకడు టిఫిన్ సెంటర్ పెట్టాడు. దోసె పెనానికి గ్యాసు కనెక్షన్ ఇమ్మని, అంతకుముందు వాళ్ళింట్లో బాయిలరు బిగించినాయన్నే పిలిచాడు. ఆయన వచ్చి చూసి, "ఇది నేను ముట్టుకోకూడదు" అని వెళ్ళిపోయాడు. "ఇంట్లో గ్యాసు వేరు, హోటల్లో గ్యాసు వేరూనా?" అని మావాడి గోల. నిజమే కదా అనిపించింది నాక్కూడా. తర్వాత కాస్త చదివితే తెలిసింది, దీని వెనక పెద్ద కథే ఉందని.

1968 మే 16. ఈస్ట్ హామ్‌కి కొద్ది మైళ్ళ దూరంలో రోనన్ పాయింట్ అని కొత్తగా కట్టిన 22 అంతస్తుల భవనం. 18వ అంతస్తులో ఒకావిడ పొద్దున్నే టీ పెట్టుకుందామని అగ్గిపుల్ల గీసింది. లీకైన గ్యాసు పేలి, భవనం ఒక మూల మొత్తం పేకమేడలా కూలిపోయింది. నలుగురు చనిపోయారు. ఆవిడ మాత్రం బతికింది! విచారణలో తేలిందేమిటయ్యా అంటే, పొయ్యికి గ్యాసు తెచ్చే గొట్టానికి బిగించిన ఇత్తడి నట్టు నాసిరకంది.

ఆ దెబ్బతో 1970లో కోర్గి అనే నమోదు సంస్థ పుట్టింది. మొదట్లో ఇష్టముంటే చేరొచ్చు, 1991 నుంచి తప్పనిసరి. 2009 ఏప్రిల్‌లో దాని స్థానంలో గ్యాస్ సేఫ్ రిజిస్టర్ వచ్చింది. అయితే పేరు నమోదైతే చాలదు, ఏ పనిలో పరీక్ష నెగ్గారో ఆ పనే చెయ్యాలి.

ఇంతకీ గీత ఎక్కడ? భవనం మీద ఉన్న బోర్డులో కాదు. చిన్న ఆఫీసులో ఇంటి తరహా బాయిలరు 70 కిలోవాట్లు దాటకుండా, గొట్టం 35 మిల్లీమీటర్లలోపు, గొట్టాల లోపలి ఖాళీ 35 లీటర్లలోపు ఉంటే సాధారణంగా ఇళ్ళ ఇంజనీరు సరిపోతాడు. అది దాటితే లీకు పరీక్షే మారిపోతుంది. ఎందుకంటే గొట్టాలు పెద్దవైన కొద్దీ, అదే లీకుకి గేజిలో ఒత్తిడి తక్కువగా పడుతుంది. చిన్న ఇంటి లెక్కతో చూస్తే లీకు ఉన్నా లేనట్టే కనిపించొచ్చు! హోటలు పొయ్యిలకైతే మళ్ళీ వేరే పరీక్ష. ఇళ్ళ ఇంజనీర్లు పెద్ద పనుల్లోకి రావాలంటే అదనంగా చదివి, పరీక్ష రాసి రావచ్చు, దారి మూసెయ్యలేదు.

ఎవరు దేనికి అర్హులో వాళ్ళ గుర్తింపు కార్డు వెనకవైపు రాసుంటుంది. మనం ముందువైపు ఫోటో చూసి ఊరుకుంటాం. ఈసారి తిప్పి చూడండి.

అన్నట్టు, వచ్చిన బేరం వదులుకుని వెళ్ళిపోయిన ఆ పెద్దమనిషి మీద మావాడికి ఇప్పుడు కోపం లేదు. ఇంటి బాయిలరు సర్వీసుకి ఇప్పటికీ ఆయన్నే పిలుస్తున్నాడు.