నికెల్ పొడి నుంచి నురగ దాకా

కోనసీమలోని అంబాజీపేట మార్కెట్‌లో కొబ్బరి ధర పడిపోయినప్పుడల్లా ఒక మాట వినిపిస్తుంది: కాయను కాయగానే అమ్ముకుంటే గిట్టదు, దాంతో ఇంకేదైనా తయారుచెయ్యాలి. కొబ్బరి నూనె నుంచి రసాయన పరిశ్రమ తీసుకునే సరుకుల్లో ముఖ్యమైనది లారిల్ ఆల్కహాల్. షాంపూలో, టూత్‌పేస్టులో నురగ తెప్పించే పదార్థానికి అదే మూలం. నూనెకు హైడ్రోజన్ ఎక్కిస్తే అది వస్తుంది. ఆ ఎక్కించే విద్య పుట్టి నూట పాతికేళ్లు దాటింది.

ఫ్రాన్సులోని టులూజ్ నగరంలో పాల్ సబాటియే, జాన్ బాప్తిస్త్ సాండరాన్స్ అనే ఇద్దరు 1897లో ఇథిలీన్ వాయువును, హైడ్రోజన్‌ను కలిపి సన్నటి నికెల్ పొడి మీదుగా పంపారు. ఇథిలీన్ కాస్తా ఈథేన్ అయింది. మామూలుగా హైడ్రోజన్ అణువు ఒక పట్టాన విడిపోదు. నికెల్ ఉపరితలం మీద చేరగానే రెండు పరమాణువులుగా చీలి, పక్కనున్న కర్బన బంధంలోకి దూరుతుంది. లోహం మాత్రం తరగదు, మళ్లీ మళ్లీ అదే పని చేస్తుంది. ఈ కృషికే సబాటియేకు 1912లో నోబెల్ బహుమతిలో సగం దక్కింది. మిగతా సగం మరో ఫ్రెంచి శాస్త్రవేత్త గ్రిన్యార్‌ది.

సబాటియే పనిచేసింది ఎక్కువగా ఆవిరి స్థితిలోని పదార్థాలతో. ద్రవంగా ఉన్న నూనెతోనూ ఇది సాధ్యమేనని 1901లో చూపినవాడు జర్మనీకి చెందిన విల్‌హెల్మ్ నార్మన్. ద్రవంగా ఉండే ఓలియిక్ ఆమ్లం ఆయన చేతిలో గట్టి స్టియరిక్ ఆమ్లమైంది. 1902లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. అలా చవక నూనెలను నెయ్యిలా పేరబెట్టే దారి తెరుచుకుంది.

ఆ దారే మన వంటింట్లోకి డాల్డాగా వచ్చింది. 1931లో ఏర్పడిన హిందుస్థాన్ వనస్పతి కంపెనీ 1937లో ఆ పేరుతో సరుకు దించింది. వనస్పతిని నేతిలో కలిపి అమ్మే మోసం పెరిగాక, దాన్ని పట్టుకోవడానికి ప్రభుత్వం ఒక మంచి ఉపాయం చేసింది. వనస్పతిలో కొంత నువ్వుల నూనె కలిపి తీరాలంది. నువ్వుల నూనె జాడ ఉంటే పరీక్షలో ఎర్ర రంగు తేలుతుంది. ఆత్రేయపురం పూతరేకుల అంగళ్లు ఈనాటికీ నేతి పూతరేకులని గట్టిగా చెప్పుకోవడం వెనక ఆ రోజుల అనుమానం కూడా ఉందని నా అభిప్రాయం. సగం సగం హైడ్రోజన్ ఎక్కిన నూనెలో ట్రాన్స్ కొవ్వులు పుట్టి గుండెకు చేటు చేస్తాయని తేలేసరికి దశాబ్దాలు గడిచాయి. 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెల్లో, వనస్పతిలో వాటిని 2 శాతానికి మించనివ్వడం లేదు.

కొబ్బరి నూనెకు ఈ పేరబెట్టే పనితో పెద్దగా అవసరం లేదు. అందులో తొంభై శాతం దాకా సంతృప్త కొవ్వే కాబట్టి చలికాలంలో సీసాలో దానంతట అదే గడ్డకడుతుంది. దాని విలువంతా మరోచోట ఉంది. దాదాపు సగం లారిక్ ఆమ్లం, అంటే పన్నెండు కర్బనాల గొలుసు. నురగకు సరిగ్గా అతికే పొడవు అది. 1930ల నాటికి జర్మనీ, అమెరికా రసాయనవేత్తలు రాగి, క్రోమియం కలిసిన ఉత్ప్రేరకాలతో, రెండు మూడు వందల వాతావరణ పీడనాల కింద కొవ్వు ఆమ్లాలను ఆల్కహాళ్లుగా మార్చగలిగారు. జర్మనీలో 1932లో ఫేవా, అమెరికాలో 1933లో డ్రెఫ్ట్ అనే బట్టల పొడులు ఇలాంటి ఆల్కహాళ్ల నుంచే వచ్చాయి. సబ్బు విరిగిపోయే ఉప్పునీళ్లలోనూ అవి పనిచేశాయి.

ఇక హైడ్రోజన్ మాట. సహజవాయువును నీటి ఆవిరితో కలిపి, మళ్లీ నికెల్ మీదుగానే పంపి దాన్ని తీస్తారు. రాజోలు, మామిడికుదురు ప్రాంతాల్లో నేల కింద ఆ వాయువు ఉంది. 1992లో మొదలైన కాకినాడ నాగార్జున ఎరువుల కర్మాగారం గోదావరి బేసిన్ వాయువు నుంచే హైడ్రోజన్, అందులోంచి అమ్మోనియా, ఆపై యూరియా తీసింది. ఆ వాయువుకు కోనసీమ చెల్లించిన మూల్యం చిన్నది కాదు. 1995 జనవరి 8న అంటుకున్న పాశర్లపూడి బావి 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో వాయువు పైపులైను పేలి, నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే కాలిపోయారు.

పైన లారిక్ నూనె, కింద వాయువు. రెండూ ఒకేచోట ఉన్న నేల మనది. అయినా కొబ్బరి నూనెతోనే లారిల్ ఆల్కహాల్ కర్మాగారం పెట్టమనడం తొందరపాటే. తినడానికీ తలకు రాసుకోవడానికీ కొబ్బరి నూనెకు పలికే ధర రసాయన పరిశ్రమకు భారం. అందుకే ప్రపంచమంతా ఎక్కువగా పామాయిల్ గింజ నూనె వైపు తిరిగింది. దానిలోనూ సగానికి దగ్గరగా లారిక్ ఆమ్లమే ఉంటుంది. ఆయిల్‌పామ్ సాగులో దేశంలో ముందున్నది మన ఆంధ్రప్రదేశే, ఆ తోటల్లో ఎక్కువ భాగం గోదావరి మెట్టలోనే ఉన్నాయి. మెట్ట గింజ నూనెను, తినడానికి పనికిరాని నాసి కొబ్బరి నూనెను, కోనసీమ వాయువును కలిపి లెక్క వేస్తే ఏమి మిగులుతుందో రైతు సంఘాలు ప్రభుత్వాన్ని అడగాలి. ఆ లెక్కలో మొదటి పద్దు ఊళ్ల భద్రతదే కావాలి.