స్థిరాస్తి ఏజెంట్ల రిజిస్ట్రేషన్ – ఆంధ్రప్రదేశ్

స్థలాలు, ఫ్లాట్లు అమ్మిపెట్టే, కొనిపెట్టే మధ్యవర్తులు ప్రభుత్వ ప్రాధికార సంస్థ దగ్గర పేరు నమోదు చేయించుకుని నంబరు తీసుకునే పద్ధతిని స్థిరాస్తి ఏజెంట్ల రిజిస్ట్రేషన్ అంటారు. 2016 నాటి స్థిరాస్తి (నియంత్రణ, అభివృద్ధి) చట్టం దీన్ని దేశమంతటికీ తప్పనిసరి చేసింది. జనం వాడుకలో ఆ చట్టం పేరు రెరా. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2017 మార్చి 27న జీవో ఎంఎస్ 115 ద్వారా నియమాలు జారీ చేసింది. అంతకుముందు రాష్ట్రంలో ఈ వృత్తికి లైసెన్సు లేదు. ఎవరు చేస్తున్నారో తెలిపే జాబితా కూడా లేదు. రిజిస్ట్రేషన్ వచ్చాక కూడా పొలం బేరాలు, పాత ఇళ్ల బేరాలు దీని పరిధిలోకి రాలేదు. ఈ తేడా సరిగ్గా ఎక్కడ పడుతుందో చూడాలంటే గుంటూరు జిల్లా తెనాలి మండలంలోని సంగం జాగర్లమూడి లాంటి ఊరు తగిన చోటు.

పెద్దమనిషి బేరం

సంగం జాగర్లమూడి గుంటూరు–తెనాలి రైలు మార్గం మీద, రెండు పట్టణాల నడుమ, సంగమేశ్వరాలయం ఉన్న ఊరు. చుట్టూ కృష్ణా పశ్చిమ డెల్టా మాగాణి. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయి కాలువలు పారినప్పటి నుంచి ఈ ప్రాంతంలో ఎకరానికి విలువ వచ్చింది. విలువ వచ్చిన చోటికి బేరమూ, బేరం కుదిర్చే మనిషీ వచ్చారు.

ఆ మనిషికి బోర్డు ఉండేది కాదు. పొలం అమ్మదలచిన రైతు తనకు నమ్మకమున్న పెద్దమనిషి చెవిన వేసేవాడు. ఏ చేనుకు కాలువ నీళ్లు ముందు అందుతాయి, ఏ గట్టు మీద తగాదా ఉంది, బండి దారి ఎవరి పొలంలోంచి పోతుంది, అన్నదమ్ముల పంపకాలు కాగితం మీద జరిగాయా నోటిమాటగా జరిగాయా అన్నది ఆయనకు తెలుసు. ధర కుదిరితే ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి బయానా ఇప్పించేవాడు. తెల్లకాగితం మీదో స్టాంపు కాగితం మీదో సర్వే నంబరు, నాలుగు హద్దులు, మిగతా సొమ్ముకు గడువు రాయించి సాక్షి సంతకం పెట్టేవాడు. గడువు దాటితే బయానా పోతుందా, తిరిగొస్తుందా అన్న తగవు కూడా ఆయన దగ్గరే తేలేది. ఆయనకు దక్కే కమీషన్ మాట మీద నడిచేది. ఈ పద్ధతిలో లోపాలు లేవని కాదు. కానీ మోసం చేస్తే అదే ఊళ్లో తలెత్తుకు తిరగలేడన్న భయం అప్పట్లో చట్టం చేసే పని చాలావరకు చేసింది.

చట్టం వైపు నుంచి ఆయనకు వర్తించేది 1872 కాంట్రాక్టు చట్టం ఒక్కటే. అందులో సెక్షన్ 182 ఏజెంటు అంటే ఎవరో చెబుతుంది. పని పూర్తయ్యాకే ప్రతిఫలం అడగాలన్న సూత్రం సెక్షన్ 219లో ఉంది. 1908 రిజిస్ట్రేషన్ చట్టం దస్తావేజును నమోదు చేస్తుంది తప్ప దాని వెనకున్న మధ్యవర్తిని పట్టించుకోదు. తెనాలి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో దస్తావేజు పుటల్లో అమ్మినవారు, కొన్నవారు, సాక్షులు, రాసినవారు కనిపిస్తారు. బేరం కుదిర్చినవాడు మాత్రం కనిపించడు.

పట్టణాలు పెరిగాక

1978లో విజయవాడ–గుంటూరు–తెనాలి–మంగళగిరి పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడింది. పొలాలు లేఅవుట్లుగా మారడం, ఎకరాల లెక్క పోయి సెంట్లు, గజాల లెక్క రావడం ఆ తర్వాతి దశాబ్దాల కథ. ఒక సెంటంటే 48.4 గజాలు. ఎకరం ధరను గజాల్లోకి విడగొట్టినప్పుడు మధ్యలో మిగిలే తేడా చాలామందిని ఈ పనిలోకి లాగింది. 1987లో రాష్ట్రం అపార్ట్‌మెంట్ల చట్టం చేసింది. అది కట్టేవారికి బాధ్యతలు పెట్టింది. అమ్మిపెట్టేవారి జోలికి పోలేదు.

1998 చివర్లో మూడు వారాలు తిరక్కుండానే రెండు మార్పులు వచ్చాయి. అక్టోబరు 16 నుంచి కేంద్రం స్థిరాస్తి ఏజెంట్ల సేవ మీద సేవా పన్ను వేసింది. ఈ వృత్తిని ప్రభుత్వం పేరు పెట్టి గుర్తించడం లైసెన్సుతో కాక పన్నుతో మొదలైందన్నమాట. నవంబరు 4న రాష్ట్ర రిజిస్ట్రేషన్ల శాఖ కార్డ్ పేరుతో కంప్యూటర్ విధానం ప్రారంభించింది. మార్కెట్ విలువ, భారాల ధ్రువపత్రం (ఈసీ) ఎవరైనా అడిగి తీసుకునే వీలొచ్చింది. అంతవరకు మధ్యవర్తికి బలం ఆ సమాచారం అతని గుప్పిట్లో ఉండటమే. 2015లో మీభూమి వెబ్‌సైటు భూమి రికార్డులైన అడంగల్, 1బీలను ఫోను తెర మీదికి తెచ్చాక ఆ గుప్పిలి ఇంకొంచెం వదులైంది. అయితే కాగితం చేతికి రావడం వేరు, దాన్ని చదవగలగడం వేరు. 1977 చట్టం ప్రకారం అమ్మకూడని అసైన్డ్ భూమా, రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఎ నిషేధిత జాబితాలో ఉందా అన్నది విడమరచి చెప్పే మనిషి అవసరం తగ్గలేదు.

ఈ కాలంలో ఎక్కువ నష్టం చేసింది అగ్రిమెంట్ కమ్ జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) వాడకం. రైతుకు కొంత సొమ్మిచ్చి జీపీఏ రాయించుకున్న మధ్యవర్తి, తన పేరు మీద రిజిస్ట్రేషన్ లేకుండానే ఆ భూమిని ముక్కలు చేసి అమ్మేవాడు. చివర కొన్నవాడికి లింకు డాక్యుమెంట్లు కుదిరేవి కావు. జీపీఏతో హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు సూరజ్ ల్యాంప్ కేసులో 2011 అక్టోబరు 11న తేల్చింది. మరుసటి ఏడాది హైదరాబాదు నుంచి వెళ్లిన నార్నె కన్‌స్ట్రక్షన్ కేసులో, లేఅవుట్ అభివృద్ధి చేసి ప్లాట్లు అమ్మడం వినియోగదారుల చట్టం కింద సేవేనని అదే కోర్టు చెప్పింది. కొన్నవారికి ఒక తలుపు తెరుచుకుంది. కానీ అది నష్టం జరిగాక తట్టే తలుపు. 2014లో రాజధాని ప్రకటన వచ్చి, కృష్ణా, గుంటూరు జిల్లాల్లో భూమి బేరాలు ఉరకలెత్తినప్పుడు కూడా ఏజెంటుకు ముందస్తు కట్టడి ఏదీ లేదు. హరియాణా మాత్రం 2008లోనే ప్రాపర్టీ డీలర్ల కోసం ప్రత్యేక చట్టం చేసుకుంది.

రెరా తెచ్చినవి

బిల్లు 2013 ఆగస్టులో రాజ్యసభకు వచ్చింది. 2016 మార్చి 10న రాజ్యసభ, 15న లోక్‌సభ ఆమోదించాయి. 25న రాష్ట్రపతి సంతకమైంది. కొన్ని సెక్షన్లు ఆ ఏడాది మే 1 నుంచి, ఏజెంట్లకు సంబంధించినవి సహా మిగతావి 2017 మే 1 నుంచి అమల్లోకి వచ్చాయి.

ఏజెంటు నిర్వచనాన్ని చట్టం వెడల్పుగా రాసింది. బ్రోకరు, డీలరు, మధ్యవర్తి అని ఏ పేరు పెట్టుకున్నా, ఏ మాధ్యమం ద్వారానైనా కొనేవారినీ అమ్మేవారినీ కలిపి ప్రతిఫలం తీసుకుంటే ఏజెంటే. వాట్సాప్ గ్రూపులో వెంచర్ ఫొటోలు పెట్టి కమీషన్ తీసుకునే కుర్రవాడూ, యూట్యూబులో వీడియోలు చేసి ఆ లెక్కనే డబ్బు తీసుకునే మనిషీ ఇందులోకి వస్తారు.

సెక్షన్ 9 ప్రకారం ఏజెంటు తనకు రిజిస్ట్రేషన్ లేకుండా, రెరా కింద నమోదైన ప్రాజెక్టులో అమ్మకం కుదర్చకూడదు. రాష్ట్ర నియమాల్లో రుసుము వ్యక్తులకు 10,000, సంస్థలకు 50,000 రూపాయలు. గడువు ఐదేళ్లు, తర్వాత పునరుద్ధరించుకోవాలి. దరఖాస్తుతో పాన్, ఫొటో, చిరునామా రుజువు, ఆదాయపు పన్ను రిటర్నుల వంటివి ఇవ్వాలి. వచ్చిన నంబరును తాను కుదిర్చే ప్రతి అమ్మకంలోనూ పేర్కొనాలి. సెక్షన్ 10 ఇంకా ముందుకు వెళ్తుంది. రిజిస్టర్ కాని ప్రాజెక్టులో ఏజెంటు వేలు పెట్టకూడదు, లెక్కల పుస్తకాలు ఉంచాలి, లేని సౌకర్యం ఉందని చెప్పకూడదు. బుకింగ్ సమయంలో కొనేవారికి హక్కుగా రావలసిన పత్రాలన్నీ అందేలా చూడాలి. ప్రీ లాంచ్ పేరుతో అనుమతులు రాకముందే సొమ్ము వసూలు చేయించే పద్ధతికి ఈ సెక్షనే అడ్డు. కమీషన్ ఎంతన్నది మాత్రం చట్టం నిర్ణయించలేదు.

ఉల్లంఘిస్తే సెక్షన్ 62 కింద రోజుకు 10,000 రూపాయల జరిమానా, మొత్తం మీద ఆ ఆస్తి ధరలో ఐదు శాతం వరకు. ముప్పై లక్షల ప్లాటు కుదిర్చినవాడికి పరిమితి లక్షన్నర, పదిహేను రోజుల్లో చేరుకుంటాడు. జరిమానా కన్నా గట్టి ఏర్పాటు సెక్షన్ 34లో ఉంది. నమోదైన ఏజెంట్ల పేర్లు, ఫొటోలు ప్రాధికార సంస్థ వెబ్‌సైటులో ఉంచాలి. దరఖాస్తు తిరస్కరణకు గురైనవారివి, రిజిస్ట్రేషన్ రద్దయినవారివి కూడా ఉంచాలి. మునుపు ఊళ్లో తలెత్తుకు తిరగలేననే భయం చేసిన పనిని, ముక్కూ మొహం తెలియనివారితో బేరమాడే కాలంలో ఈ ఫొటోల జాబితా చేయాలి. ఆ జాబితా వెతకడం కొనేవారికి అలవాటు కాకపోతే సెక్షన్ ఉండీ లేనట్టే.

పరిధి ఎక్కడ ఆగుతుంది

ఐదు వందల చదరపు మీటర్లు మించని స్థలం, ఎనిమిది ఫ్లాట్లు మించని కట్టడం ప్రాజెక్టుగా నమోదు కానక్కరలేదు. ఏజెంటు బాధ్యత నమోదైన ప్రాజెక్టుకు ముడిపడి ఉంది కాబట్టి, అలాంటి చిన్న అపార్ట్‌మెంట్లో ఫ్లాటు అమ్మిపెట్టేవాడికి నంబరు అవసరం పడదు. సంగం జాగర్లమూడిలో ఎకరం మాగాణి బేరం కుదిర్చిన మనిషికీ, తెనాలిలో పాతికేళ్ల నాటి డాబా అమ్మిపెట్టిన మనిషికీ అంతే. అదే మనిషి మరునాడు గుంటూరు రోడ్డులో నమోదైన వెంచర్‌లో ప్లాటు చూపిస్తే మాత్రం రిజిస్ట్రేషన్ కావాలి. ఒకే చేతి మీద రెండు రకాల బేరాలు నడుస్తాయి, ఒకదానికి చట్టం కాపలా, ఇంకోదానికి 1872 నాటి కాంట్రాక్టు సూత్రాలు. డెల్టాలో ఒక కుటుంబం జీవితమంతా కూడబెట్టినది తరచు ఆ ఎకరం పొలమే. దాని బేరానికే కాపలా లేకపోవడం ఈ చట్టంలోని పెద్ద ఖాళీ.

రెండో ఖాళీ అర్హతది. 2017 నియమాలు చదువును గానీ పరీక్షను గానీ అడగలేదు. రుసుము, పత్రాలు సరిపోతే నంబరు వస్తుంది. ఈసీ చదవడం, లేఅవుట్ అనుమతి సరిచూడడం రాని మనిషి కూడా రిజిస్టర్డ్ ఏజెంటే. మహారాష్ట్ర ప్రాధికార సంస్థ 2023 జనవరిలో ఈ దారి మార్చింది. శిక్షణ పొంది పరీక్ష నెగ్గితేనే కొత్త రిజిస్ట్రేషన్ అంది, పాతవారికీ గడువు పెట్టింది. కాలిఫోర్నియా 1917లో లైసెన్సు చట్టం చేసి, కోర్టులో అది నిలవకపోతే 1919లో మళ్లీ చేసింది. ఇప్పుడు అక్కడ అమ్మకాల లైసెన్సుకు 135 గంటల చదువు, రాతపరీక్ష ఉన్నాయి. టెక్సాస్‌లో 180 గంటలు చదివి, పరీక్ష నెగ్గి, లైసెన్సున్న బ్రోకరు కింద పనిచేయాలి. డల్లాస్ చుట్టుపక్కల ఇళ్లు అమ్మే తెలుగువారు ఈ మెట్లన్నీ ఎక్కినవారే. అక్కడ చెల్లే కట్టుబాటును ఇక్కడ భారమనుకోవడానికి కారణం కనిపించదు.

తర్వాతి మార్పులు

2020 డిసెంబరు 28న కేంద్రం ఏడాదికి 20 లక్షల రూపాయలు, ఆపై టర్నోవరున్న ఏజెంట్లను మనీలాండరింగ్ నిరోధక చట్టం కిందికి తెచ్చింది. కస్టమరు ఎవరో నిర్ధారించుకోవడం, రికార్డులు దాచడం వారి బాధ్యతైంది. జీఎస్టీ వచ్చాక సేవా పన్ను స్థానంలో 18 శాతం వర్తిస్తోంది.

2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజనతో బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి, తెనాలి గుంటూరులోనే ఉంది. ఏజెంటుకు దీనితో ఇబ్బంది లేదు, రిజిస్ట్రేషన్ రాష్ట్రమంతటికీ చెల్లుతుంది. రాష్ట్రం దాటితే చెల్లదు. తెలంగాణ 2017 జులై 31న తన నియమాలు విడిగా తెచ్చుకుంది. తెనాలిలో కూర్చుని హైదరాబాదు ఫ్లాట్లు అమ్మిపెట్టేవారు అక్కడి ప్రాధికార సంస్థ దగ్గర మరో నంబరు తీసుకోవాలి. ఏజెంటు మీద ఫిర్యాదును సెక్షన్ 31 కింద నేరుగా ప్రాధికార సంస్థకు ఇవ్వవచ్చు. దాని తీర్పు నచ్చకపోతే 60 రోజుల్లోగా అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు.