అతుకుల బొంతలో ఆకృతి: జీస్ బెండ్ మహిళల రేఖాగణిత బొంతలు - ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:
అమెరికాలోని అలబామా రాష్ట్రానికి చెందిన జీస్ బెండ్ గ్రామంలో నల్లజాతి మహిళలు కుట్టిన బొంతలు 2002 తర్వాత ఆధునిక కళాఖండాలుగా ప్రపంచ గుర్తింపు పొందాయి. వీటిలోని చతురస్రాలు, పట్టీలు, దీర్ఘచతురస్రాలు ఇరవయ్యో శతాబ్దపు అమూర్త చిత్రకళను తలపిస్తాయని విమర్శకులు భావించారు. ఆ రేఖాగణితానికి మూలం చిత్రకళలో లేదనీ, గుడ్డ లభ్యతలోనూ, శ్రమలోనూ, ఆ గ్రామ రాజకీయ చరిత్రలోనూ ఉన్నదనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. బొంతకు ‘కళ’ అనే పేరు వచ్చినప్పుడు కుట్టిన మనిషి పేరు ఏమైందన్న ప్రశ్నను కూడా ఇది చర్చిస్తుంది.

ముఖ్య పదాలు: బొంత, అతుకుపని, జీస్ బెండ్, అమూర్త కళ, స్త్రీ శ్రమ, కర్తృత్వం.

1. ఉపోద్ఘాతం:
తెలుగు విమర్శలో ఒక రచనను ‘అతుకుల బొంత’ అన్నారంటే దానిలో ఏకసూత్రత లేదని అర్థం. అతుకు ఉన్నచోట ఆకృతి ఉండదన్న అభిప్రాయం ఆ పలుకుబడిలో దాగి ఉంది. పాత చీరలు, పంచెలు పొరలుగా పరచి కుట్టుకునే బొంత పేదింటి వస్తువు కావడం కూడా ఈ చిన్నచూపుకు ఒక కారణం. ఇదే చిన్నచూపు అమెరికాలోనూ చాలాకాలం ఉండేది. అక్కడి బొంతలు ఇంటి పడకల నుంచి మ్యూజియం గోడల మీదికి చేరిన క్రమాన్ని పరిశీలిస్తే, అతుకుపనిలోని ఆకృతి ఎక్కడి నుంచి వస్తుందో తెలుస్తుంది.

2. నిర్మాణంలోని లెక్క:
అమెరికన్ బొంతకు సాధారణంగా మూడు పొరలుంటాయి. పైన ముక్కలు అతికిన గుడ్డ, నడుమ దూది, అడుగున మరో గుడ్డ. ఈ మూడింటినీ కలుపుతూ వేసే కుట్టే దాన్ని బొంతగా నిలుపుతుంది. పైపొరను అతికేటప్పుడు ప్రతి ముక్కకూ అన్ని వైపులా పావు అంగుళం కుట్టుకోసం వదలాలి. కుట్టిన తర్వాత 4 అంగుళాల చతురస్రం కావాలంటే నాలుగున్నర అంగుళాల ముక్క కత్తిరించాలి. ప్రతి ముక్కలో కొద్దిపాటి తేడా వచ్చినా, ఇరవై ముక్కల వరుస పూర్తయ్యేసరికి అది అంగుళాలలో కనిపిస్తుంది. వంపు గీతల కంటే సరళరేఖ కుట్టడం సులభం. దానివల్ల గుడ్డ వృథా కూడా తగ్గుతుంది. చతురస్రం, పట్టీ, త్రిభుజం ఈ పనిలో ప్రధాన రూపాలు కావడానికి ఇదే కారణం.

1860ల నుంచి అమెరికాలో ప్రచారంలోకి వచ్చిన ‘లాగ్ క్యాబిన్’ నమూనాలో మధ్య ఒక చిన్న చతురస్రం ఉంటుంది. దాని చుట్టూ పట్టీలు ఒకదాని తర్వాత ఒకటి చేరుతూ పోతాయి. జీస్ బెండ్ మహిళలు దీనికి దగ్గరి రూపాన్ని ‘హౌస్‌టాప్’ అంటారు. సన్నని పేలికలు కూడా ఈ పద్ధతిలో ఉపయోగపడతాయి. ఒక రంగు గుడ్డ అయిపోతే మరో రంగుతో పట్టీ కొనసాగుతుంది. ముందుగా గీసుకున్న నమూనా ప్రకారం కుట్టేవారు ఆ మార్పును లోపమనుకుంటారు. జీస్ బెండ్ మహిళలు మాత్రం దాని ఆధారంగానే తర్వాతి పట్టీ ఏదో నిర్ణయించుకున్నారు. నమూనాను అనుసరించకుండా తమ ఇష్టప్రకారం కూర్చిన బొంతలను వారు ‘మై వే’ అని పిలుచుకోవడం గమనార్హం.

3. గ్రామ చరిత్ర:
అలబామా నది మెలిక తిరిగినచోట, మూడు వైపులా నీటి నడుమ ఉన్న ప్రాంతం జీస్ బెండ్. 1816లో జోసెఫ్ గీ అనే భూస్వామి అక్కడ పత్తి తోట నెలకొల్పాడు. తర్వాత అది మార్క్ పెట్‌వే చేతికి వచ్చింది. బానిసత్వం రద్దయ్యాక కూడా చాలా కుటుంబాలు అక్కడే కౌలుదారులుగా మిగిలాయి. గ్రామంలో ఎక్కువమందికి నేటికీ ‘పెట్‌వే’ అనే ఇంటిపేరు ఉండటం ఆ యాజమాన్యం వదిలిన గుర్తు.

1932లో, అప్పు ఇచ్చిన వ్యాపారి మరణించిన తర్వాత అతని కుటుంబం బాకీల కింద గ్రామస్థుల పశువులను, పనిముట్లను, తిండిగింజలను జప్తు చేసింది. 1937లో ప్రభుత్వ ఛాయాగ్రాహకుడు ఆర్థర్ రోత్‌స్టీన్ తీసిన చిత్రాలు ఆ పేదరికాన్ని నమోదు చేశాయి. తర్వాత ఫెడరల్ ప్రభుత్వం ఆ భూమిని కొని, 1940లలో కుటుంబాలకు అమ్మింది. సొంత భూమి ఉండటంవల్ల వారు ఊరు విడిచిపోలేదు. తల్లి పని కూతురు చూసి నేర్చుకునే పరంపర కొనసాగింది.

ఈ నేపథ్యంలో బొంత అవసరం నుంచి పుట్టింది. పలకల సందుల్లోంచి గాలి దూరే ఇళ్ళలో చలి ఆపడానికి ఒక్కో పడకకు అనేక బొంతలు కావలసివచ్చేవి. పొలంపని దుస్తులు, పిండి సంచులు, ఎరువుల సంచులు వాటికి ముడిసరుకు. 1942లో మిస్సూరి పెట్‌వే, మరణించిన భర్త పనిదుస్తులను విప్పి ఒక బొంత కుట్టింది. అతని జ్ఞాపకాన్ని కప్పుకోవాలన్నది ఆమె కోరిక అని కూతురు ఆర్లాన్‌జియా తర్వాతి కాలంలో చెప్పింది. వెలిసిన నీలం, బూడిద రంగుల నిలువు దీర్ఘచతురస్రాలు ప్యాంటు కాళ్ళ నుంచి వచ్చినవే. ఆ బొంతలోని జ్యామితి ఒక మనిషి శరీరం కొలతలను మోస్తున్నది.

4. ఓటు హక్కు, సహకార సంఘం:
1962లో జీస్ బెండ్‌ను జిల్లా కేంద్రమైన క్యామ్డెన్‌తో కలిపే పడవ రవాణా నిలిచిపోయింది. నల్లజాతివారు ఓటర్లుగా నమోదు కావడానికి క్యామ్డెన్ వెళ్ళడం మొదలుపెట్టిన కాలమది. పడవ తిరిగి నడిచింది 2006లోనే. 1965లో మార్టిన్ లూథర్ కింగ్ ఆ గ్రామానికి వచ్చాడు. ఓటు కోసం నిలబడినందుకు ఆ ప్రాంతంలో అనేకులు పనినీ, ఇంటినీ పోగొట్టుకున్నారు.

1966లో ఏర్పడిన ‘ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ’ అనే మహిళా సహకార సంఘం ఆ పోరాటానికి ఆర్థిక రూపం. ఎపిస్కోపల్ మతగురువు ఫ్రాన్సిస్ వాల్టర్ చొరవతో మొదలైన ఈ సంఘాన్ని ఎస్టెల్ విథర్‌స్పూన్ నిర్వహించింది. న్యూయార్క్ దుకాణాల నుంచి కొనుగోళ్ళు వచ్చాయి. అయితే పెద్ద దుకాణాలు ఒకే కొలత, ఒకే నమూనా, ఒకే నాణ్యత గల వస్తువులను కోరాయి. ఇంట్లో ఎవరి పద్ధతి వారిదిగా కుట్టిన స్త్రీలు సంఘంలో నిర్ణీత నమూనాలకు కట్టుబడవలసివచ్చింది. కూలి లభించినచోట స్వేచ్ఛ కుదించుకుపోయింది.

1972లో సియర్స్ సంస్థ కార్డురాయ్ దిండు గలేబుల తయారీని ఈ సంఘానికి అప్పగించింది. ఆ పనిలో మిగిలిన కార్డురాయ్ ముక్కలు గ్రామంలోని ఇళ్ళకు చేరాయి. 1970లనాటి జీస్ బెండ్ బొంతల్లో ముదురు బంగారు, ఆకుపచ్చ, ఎరుపు రంగుల కార్డురాయ్ పట్టీలు కనిపించడానికి కారణం ఇది. కళాచరిత్రకారులు రంగుల ఎంపికగా చదివినదాని వెనుక ఒక వ్యాపార ఒప్పందపు మిగులు ఉంది. అయినా ఆ మిగులులోంచి ఏ ముక్కను ఏ ముక్క పక్కన చేర్చాలన్న నిర్ణయం కుట్టిన స్త్రీదే.

5. పడక నుంచి గోడకు:
1971లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో జోనథన్ హోల్‌స్టీన్, గెయిల్ వాన్ డెర్ హూఫ్ తమ సేకరణలోని బొంతలను చిత్రపటాలవలె గోడలకు వేలాడదీసి ప్రదర్శించారు. అమూర్త చిత్రాలతో పోలిక కనిపించే బొంతలనే వారు ఎంచుకున్నారు. ఆ ప్రదర్శన బొంత స్థాయిని పెంచింది. కాని ఆ బొంతల్లో అత్యధిక భాగానికి కర్త పేరు లేదు. స్త్రీల కళను దాని చరిత్ర నుంచి విడదీస్తున్నారని 1973లో ప్యాట్రిషియా మైనార్డి తన వ్యాసంలో విమర్శించింది.

జీస్ బెండ్ బొంతలు 2002లో హ్యూస్టన్ లలితకళల మ్యూజియంలోనూ, ఆ తర్వాత విట్నీలోనూ ప్రదర్శితమయ్యాయి. ఈసారి ప్రతి బొంత పక్కన కుట్టిన స్త్రీ పేరు ఉంది. ఇది ప్రధానమైన మార్పు. కాని పోలికలు మాత్రం పాతవే. హౌస్‌టాప్ బొంతను జోసెఫ్ ఆల్బర్స్ చతురస్రాలతో పోల్చడం అలవాటైంది. ఆల్బర్స్ ఆ చిత్రమాల మొదలుపెట్టింది 1950లో. హౌస్‌టాప్ వంటి అతుకుపని అంతకు చాలా ముందునుంచే ఉంది. ఆల్బర్స్ పేరు తోడైతే తప్ప బొంతకు గౌరవం దక్కదన్న భావన ఆ పోలికలో మిగిలిపోయింది.

గుర్తింపుతోపాటు హక్కుల ప్రశ్న కూడా వచ్చింది. 2006లో పది జీస్ బెండ్ బొంతలు అమెరికా తపాలా బిళ్ళలపైకి ఎక్కాయి. 2007లో కొందరు తయారీదారులు తమకు న్యాయమైన ప్రతిఫలం అందలేదని న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. ఆ వివాదాలు 2008లో ముగిశాయి. 2015లో మేరీ లీ బెండాల్ఫ్, లొరెట్టా పెట్‌వే, లూసీ మింగో జాతీయ వారసత్వ పురస్కారం పొందారు. 2021 నుంచి అనేకమంది తయారీదారులు ‘ఎట్సీ’ ద్వారా తమ బొంతలను తమ పేర్లతోనే అమ్ముతున్నారు.

6. ముగింపు:
2009లో అమెరికాలో ‘మోడర్న్ క్విల్ట్ గిల్డ్’ ఏర్పడింది. ఏకరంగు గుడ్డలు, విశాలమైన ఖాళీ జాగా, అసమ విభజన, ముందస్తు నమూనా లేని కూర్పు ‘ఆధునిక బొంత’ లక్షణాలుగా నేడు చెలామణి అవుతున్నాయి. వీటిలో చాలావాటిని జీస్ బెండ్ స్త్రీలు ఏ పేరూ పెట్టకుండా అంతకు ఎన్నో ఏళ్ళ ముందే సాధించారు. నేటి తయారీదారు దుకాణంలో కొన్న గుడ్డను చక్రపు కత్తితో కొలిచి కోసి ఆ అసమతను ఎంచుకుంటుంది. మిస్సూరి పెట్‌వే తన చేతిలో ఉన్న గుడ్డతోనే దాన్ని రూపొందించుకుంది. ఈ తేడాను మరచి రెండింటినీ ఒకే శైలిగా చెబితే చరిత్ర చెరిగిపోతుంది.

కొరత మాత్రమే ఈ బొంతలను సృష్టించిందనడం కూడా సరికాదు. అదే కొరత, అవే సంచులు, అవే పాతబట్టలు ఊరందరికీ ఉన్నాయి. అయినా ఒకరి బొంత మరొకరి బొంతలా లేదు. ముడిసరుకును పరిస్థితి నిర్ణయించింది, కూర్పును వ్యక్తి నిర్ణయించింది. అతుకు ఎక్కడ పడాలో తెలిసిన చేతికి ఏకసూత్రత కొరవడదు. ‘అతుకుల బొంత’ను నిందగా వాడే విమర్శ పరిభాష ఈ కోణం నుంచి పునఃపరిశీలించదగినది. తెలుగు ఇళ్ళలో బొంతలు కుట్టిన స్త్రీల పేర్లను, పద్ధతులను నమోదు చేయడం అందుకు తగిన ఆరంభం కాగలదు.