గోధుమ చేల సంఘాల దస్తావేజులు: తెలుగు క్రైస్తవ చరిత్రకు ఒక ఆధారం

రష్యా సామ్రాజ్యం వదిలి వచ్చిన మెనొనైట్ రైతులు 1874 నుంచి కెనడాలోని మానిటోబా ప్రెయిరీల్లో స్థిరపడ్డారు. వారిలో బ్రెదరెన్ శాఖవారి మొదటి కెనడా సంఘం 1888లో వింక్లర్ దగ్గర ఏర్పడింది. తర్వాత పల్లెలు పలచబడ్డకొద్దీ చిన్న సంఘాలు చాలా మూతపడ్డాయి. అలాంటి సంఘాల పుస్తకాలను విన్నిపెగ్‌లో 1969లో మొదలైన మెనొనైట్ బ్రెదరెన్ అధ్యయన కేంద్రం భద్రపరుస్తోంది. వాటిని వలస చరిత్ర కోసమే చదవడం పరిపాటి. తెలంగాణ సంఘాల చరిత్రకు కూడా అవి మూలాధారాలేనని ఈ వ్యాసం వాదన.

ముందుగా సభ్యత్వ రిజిస్టరు. ఈ శాఖ పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వదు. విశ్వాసం ఒప్పుకున్నవాళ్ళకే, నీటిలో ముంచి ఇస్తుంది. అందుకే పుట్టిన తేదీకి, బాప్తిస్మం తేదీకి మధ్య ఏళ్ళ ఎడం ఉంటుంది. కాథలిక్ రిజిస్టర్లకు అలవాటుపడ్డ పరిశోధకుడు రెండోదాన్నిబట్టి వయసు కడితే లెక్కంతా తప్పుతుంది. పాత పుటలు జర్మన్ భాషలో, కుర్రెంట్ అనే చేతిరాతలో ఉంటాయి. అందులో ఇ అక్షరం ఎన్ లాగే పక్కపక్కన రెండు నిలువు గీతలు. యు మీద చిన్న కొక్కెం లేకపోతే అదీ ఎన్ లాగే కనిపిస్తుంది. కుటుంబాలు తారుమారు కావడానికి ఆ ఒక్క కొక్కెం చాలు.

సంఘం పుస్తకం పక్కనే బైబిల్ స్కూలు పుస్తకం పెట్టుకుని చదవాలి. వింక్లర్‌లో 1925లో ఎ.హెచ్. ఉన్రూ ప్రారంభించిన ప్నియేల్ బైబిల్ స్కూలు 1997 దాకా నడిచింది. కోతలు ముగిశాక రైతుబిడ్డలు చేరేవారు, విత్తనాల వేళకు ఇళ్ళకు వెళ్ళిపోయేవారు. పొలం పనుల్ని బట్టే చదువుల క్యాలెండరు. అక్కడ ఉన్రూతోపాటు బోధించిన జె.జి. వీన్స్ అంతకుముందు భారతదేశంలో మిషనరీ. మంచు కురిసే ఊళ్ళో, నల్లబల్ల ముందు, మన దేశాన్ని కళ్ళారా చూసిన మనిషి పాఠం చెప్పాడన్నమాట! హాజరు పట్టీని విద్యాసంస్థ లెక్కగానే చూసేవాళ్ళకు ఈ బంధం కనిపించదు.

ఆ బంధం పాతదే. రష్యా నుంచి అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు అమెరికన్ బాప్టిస్టులతో కలిసి 1890 నాటికే నల్లగొండలో పనికి దిగారు. 1899లో అమెరికా నుంచి ఎన్.ఎన్. హీబర్ట్ దంపతులు నిజాం రాజ్యానికి వచ్చారు. తర్వాత మహబూబ్‌నగర్ (పాలమూరు) ప్రాంతంలో విస్తరించిన వారి మిషన్‌కు ఉత్తర అమెరికా సంఘాల కానుకలే ఆధారం. మిషనరీల ఉత్తరాలు త్సియోన్స్‌బోటె పత్రికలో అచ్చయ్యి పొలం ఇళ్ళకు చేరేవి.

ఆ కానుకల వెనక ఉన్న స్త్రీల సమాజాలకు చరిత్రలో దక్కాల్సిన చోటు దక్కలేదని నా అభిప్రాయం. సంఘ సమావేశాల మినిట్స్‌లో ఆడవాళ్ళు దాదాపు కనిపించరు. వాళ్ళ గొంతు వినాలంటే నేవెరైన్ అనే కుట్టు సమాజాల నోటుపుస్తకాలు తెరవాలి. చలికాలంలో దుప్పట్లు, ఏప్రన్లు కుట్టి, వేలం వేసి, వచ్చిన డబ్బు మిషన్‌కు పంపేవారు. బట్ట ఖరీదు ఒక వరసలో, వేలం రాబడి మరో వరసలో. అలాంటి పద్దు ఒక్కటి చూస్తే పెద్దల తీర్మానాలు చెప్పని సంగతి తెలుస్తుంది: ఎక్కడో పాలమూరు బడికి వెళ్ళిన డాలరు ఒక రైతు భార్య సూదిమొన నుంచి బయల్దేరింది. ఈ నోటుపుస్తకాలను సంఘ రికార్డులోంచి విడదీసి "ఇతరాలు" పెట్టెలో వేయకూడదు. ఏ సంఘంలో పుట్టిన కాగితం ఆ సంఘం దొంతరలోనే, రాసినవాళ్ళు ఉంచిన వరసలోనే ఉండాలి.

ఇవతలి ఒడ్డున, తెలంగాణలో, ఆ కానుకలు అందుకున్నవాళ్ళ కాగితాలున్నాయి: బోధకుల జీతాల పట్టీలు, బాప్తిస్మాల పట్టికలు, ఊరి సంఘాల మినిట్స్. ఇవి తెలుగులో ఉన్నాయి కాబట్టి కుర్రెంట్ నేర్చుకోనక్కర్లేదు. గుడి ఇనప్పెట్టెలో చెదలు పట్టకముందే, సంఘపెద్దల అనుమతితో పుట పుటకూ ఫోటో తీసి, అట్ట మీద ఊరిపేరు, మొదటి తేదీ, చివరి తేదీ రాసిపెట్టుకోవడంతో వీటిని భద్రపరిచే పని మొదలవుతుంది.